హోమ్‌స్టే గదికి ధర కట్టడం, అతిథిని రప్పించడం

హోమ్‌స్టేలో అమ్ముడుపోయే సరుకు ఒక రాత్రి. నాలుగు గదుల ఇల్లున్న యజమాని చేతిలో ఏడాదికి 1,460 రాత్రులు ఉంటాయి. కిరాణా కొట్టులో ఈ రోజు మిగిలిన కందిపప్పు రేపు అమ్ముకోవచ్చు. మంగళవారం ఖాళీగా గడిచిన గదికి ఆ వెసులుబాటు లేదు, ఆ రాత్రి అక్కడితో పోయినట్టే. విమానంలో సీటుకూ ఇదే స్వభావం ఉంది. 1978లో అమెరికా ప్రభుత్వం విమాన చార్జీల మీద నియంత్రణ ఎత్తేశాక, రాబర్ట్ క్రాండల్ సారథ్యంలోని అమెరికన్ ఎయిర్‌లైన్స్ 1980లలో ఒకే సీటును రోజును బట్టి, గిరాకీని బట్టి వేర్వేరు ధరలకు అమ్మే పద్ధతిని ఒక శాస్త్రంగా తీర్చిదిద్దింది. తర్వాత మారియట్ వంటి హోటళ్లు దాన్ని అందిపుచ్చుకున్నాయి. పెద్ద హోటళ్లలో ఈ పనికి ప్రత్యేకంగా ఒక విభాగమే ఉంటుంది. నాలుగు గదుల ఇంటికి ఒక క్యాలెండరు, ఒక నోటుపుస్తకం చాలు.

అయినా చాలామంది యజమానులు ఈ రెండూ తెరవకుండానే ధర చెబుతారు. పక్కింటి బోర్డు చూసి అంతే పెడతారు. గది ఖాళీగా ఉంటే తగ్గిస్తారు. పక్కింటి వారి ఖర్చులు వేరు, అప్పు వేరు కాబట్టి మొదటి పని గుడ్డి లెక్క. రెండో పని అంతకంటే ఖరీదైన అలవాటు. ఫోను చేసి వివరాలు అడిగి మళ్లీ ఫోను చేయని అతిథి ధర చూసే వెనక్కి తగ్గాడని అనుకోవడం సులువు. కానీ వేడినీళ్లు వస్తాయో రావో, అమ్మమ్మ మెట్లెక్కగలదో లేదో, రాత్రి భోజనం ఎక్కడో తెలియక ఆగిపోయే కుటుంబాలు చాలా ఉంటాయి. ధర తగ్గించడానికి ముందు సందేహం తీర్చాలి. అందుకు అయ్యే ఖర్చు దాదాపు సున్నా.

ఈ అధ్యాయంలోని లెక్కలకు అరకులోయను ఉదాహరణగా తీసుకోవడానికి కారణం ఉంది. అక్కడ సీజను స్పష్టంగా కనిపిస్తుంది. నవంబరు నుంచి జనవరి దాకా చలి కోసం జనం వస్తారు. వలిసెపూలు కొండవాలులను పసుపు చేసేది కూడా ఈ కాలం మొదట్లోనే. వానాకాలంలో ఘాట్ మార్గంలో కొండచరియలు పడి రైలు ఆగే రోజులుంటాయి. శని, ఆదివారాల్లో విశాఖ కదిలొస్తుంది, బుధవారం రోడ్లు ఖాళీగా ఉంటాయి. ఇంత ఎగుడుదిగుడు గిరాకీ ఉన్నచోట ఒకే ధర బోర్డు పెట్టుకుంటే రెండు వైపులా నష్టమే.

కనీస ధర

లెక్క ఖర్చులతో మొదలవ్వాలి. ఖర్చులు రెండు రకాలు. అతిథి వచ్చినా రాకపోయినా తప్పనివి కొన్ని: బ్యాంకు వాయిదా, పనిమనిషి జీతం, ఇంటర్నెట్, ఏడాదికోసారి సున్నమో రంగో, ఇంటి పన్ను. అతిథి వస్తేనే అయ్యేవి మరికొన్ని: దుప్పట్లు ఉతికించడం, సబ్బు, గీజరు కరెంటు, పొద్దున కాఫీ. నాలుగు గదుల ఇంటికి మొదటి రకం నెలకు 45,000, అంటే ఏడాదికి 5,40,000 రూపాయలు అనుకుందాం. రెండో రకం రాత్రికి 350 అనుకుందాం. ఈ అంకెలు లెక్క నడక చూపడానికి వేసుకున్నవే. ఎవరి అంకెలు వారు వేసుకోవాలి.

ఏడాదిలో నూటికి నలభై రాత్రులు నిండితే అమ్ముడుపోయినవి 584 రాత్రులు. తప్పని ఖర్చును వాటి మీద పంచితే రాత్రికి 925 పడుతుంది. దానికి 350 కలిపితే 1,275. బుకింగు యాప్ ద్వారా వచ్చిన అతిథి అయితే కమీషను కూడా చూసుకోవాలి. కమీషను 15 శాతం అన్నచోట దాని మీద 18 శాతం జీఎస్టీ కలిసి 17.7 శాతం అవుతుంది. లెక్కకు 18 అనుకోవచ్చు. అప్పుడు 1,275 చేతికి రావాలంటే ధర 1,555 ఉండాలి. ఇంటివారి సొంత శ్రమకు ఇందులో ఒక్క పైసా లేదన్నది గమనించాలి.

అదే ఇల్లు నూటికి ఇరవై అయిదు రాత్రులే నిండితే నష్టం రాని ధర 2,230కి పెరుగుతుంది. నూటికి అరవై రాత్రులు నిండితే 1,180 దగ్గరకు దిగుతుంది. అంటే పక్క ఇంటివారు 1,200కే ఇస్తున్నారంటే వారు తెలివితక్కువవారు కానక్కర్లేదు. వారి ఇల్లు ఎక్కువ రోజులు నిండుతూ ఉండొచ్చు, అప్పు తీరిపోయి ఉండొచ్చు, లేదా పని అంతా ఇంటివారే చేసుకుంటూ ఉండొచ్చు. ఆ మూడూ లేకుండా ఆ ధర మాత్రమే అనుకరిస్తే సీజను చివర బ్యాంకు పుస్తకం అసలు సంగతి చెబుతుంది.

తప్పని ఖర్చు తగ్గించుకునే దారులు అరకు వంటి చోట్ల కొన్ని ఉన్నాయి. కేంద్రం ప్రకటించిన ధర్తీ ఆబా జనజాతీయ గ్రామ్ ఉత్కర్ష్ అభియాన్‌లో వెయ్యి గిరిజన హోమ్‌స్టేలకు సాయం భాగంగా ఉంది. కొత్త నిర్మాణానికి ఒక్కో యూనిట్‌కు 5 లక్షల దాకా, ఉన్న ఇంటిని బాగుచేసుకోవడానికి 3 లక్షల దాకా. 2025–26 కేంద్ర బడ్జెట్‌లో హోమ్‌స్టేలకు ముద్ర రుణాల ప్రస్తావన కూడా వచ్చింది. బయటి నుంచి వచ్చి ఇల్లు లీజుకు తీసుకుని నడపాలనుకునేవారికి మాత్రం ఒక హెచ్చరిక. అరకు షెడ్యూల్డ్ ప్రాంతం. జనం 1/70 చట్టం అని పిలిచే భూ బదలాయింపు నిబంధన కింద గిరిజనేతరులకు అమ్మకమే కాదు, లీజు కూడా బదలాయింపు కిందికే వస్తుంది, చెల్లదు. చెల్లని కాగితం మీద పెట్టిన పెట్టుబడికి ఏ ధరా గిట్టుబాటు కాదు.

క్యాలెండరును విడగొట్టడం

కనీస ధర తెలిశాక క్యాలెండరు ముందు కూర్చోవాలి. ఏడాదిని నాలుగు ముక్కలు చేసుకుంటే చాలు, అంతకంటే ఎక్కువ ముక్కలు ఇంటివారికే గుర్తుండవు. అరకు ఇంటికి ఒక నమూనా ఇలా ఉంటుంది. డిసెంబరు చివరి పది రోజులు, కొత్త సంవత్సరం, సంక్రాంతి సెలవులు, దసరా రోజులు కలిపి సుమారు 40 రాత్రులు అసలైన రద్దీ. చలికాలపు శని, ఆదివారాలు, ఏడాది పొడవునా వచ్చే మూడు రోజుల సెలవులు కలిపి 70. సీజనులోని మామూలు రోజులు 80. మిగిలిన 175 రాత్రులు ఖాళీ కాలం.

ఈ నాలుగింటికీ వరసగా 3,200, 2,500, 1,800, 1,400 రూపాయల ధర పెట్టి, నూటికి 95, 75, 35, 15 చొప్పున నిండాయనుకుంటే ఏడాదిలో 579 రాత్రులు అమ్ముడవుతాయి. రాబడి 13,60,000. అవే 579 రాత్రులను ఏడాదంతా ఒకటే ధరకు, 2,000 చొప్పున అమ్మితే వచ్చేది 11,58,000. కమీషను, ఖర్చులు తీసేస్తే తేడా ఇంకా కళ్లకు కడుతుంది. ఒకే ధర పెట్టిన ఇంటికి 2.07 లక్షలు మిగిలితే, క్యాలెండరు చూసి ధర పెట్టిన ఇంటికి 3.73 లక్షలు మిగులుతాయి. గదులు అవే, అతిథుల సంఖ్యా అదే.

ఈ లెక్కలో మరో సంగతి ఉంది. మొదటి రెండు ముక్కల్లోని 110 రోజులే ఏడాది రాబడిలో నాలుగింట మూడు వంతులు తెస్తున్నాయి. ఆ రోజుల్లో ఒక గది పాడై మూతపడినా, ధర తక్కువ చెప్పి నెల ముందే అమ్మేసినా దాన్ని మిగతా ఏడాది పూడ్చలేదు. గీజరు మరమ్మతు, ఇన్వర్టరు బ్యాటరీ మార్పిడి వంటివి అక్టోబరు లోపే ముగించాలనడానికి కారణం ఇదే.

సెలవుల పట్టిక ముందే చూసుకోవాలి. 2026లో గాంధీ జయంతి, క్రిస్మస్ రెండూ శుక్రవారాలే. అంటే రెండూ మూడేసి రోజుల సెలవులు. ఆదివారంలో కలిసిపోయే పండుగ ఉద్యోగులకు పోయిన సెలవు, హోమ్‌స్టే యజమానికి పోయిన రాబడి. కొత్త క్యాలెండరు రాగానే ఇలాంటి తేదీలు గుర్తుపెట్టి వాటికి ధర వేసి ఉంచాలి. గిరాకీ మొదలయ్యాక ధర పెంచుదామని కూర్చుంటే, తేదీలు చూసుకుని ముందే ప్లాన్ వేసుకునే హైదరాబాద్ ఉద్యోగులు పాత ధరకే గదులన్నీ పట్టేసి ఉంటారు.

దసరా సంగతి కొంచెం వేరు. ఆ రోజుల్లో విశాఖ, అరకులకు బెంగాల్ నుంచి కుటుంబాలు దుర్గాపూజ సెలవుల మీద వస్తాయి. వారిది ముందుగా వేసుకున్న ప్రయాణం, రెండు మూడు రాత్రుల బస. చివరి నిమిషంలో ఫోను చేసే విశాఖ కుర్రాళ్ల కోసం ఆ తేదీలు అట్టే పెట్టడం తెలివైన పని కాదు. అన్నం, చేపకూర దొరుకుతాయన్న ఒక్క మాట వివరాల్లో చేర్చితే ఆ అతిథికి సగం నమ్మకం కుదురుతుంది.

రద్దీ రోజుల్లో కనీసం రెండు రాత్రులు ఉండాలన్న షరతు పెట్టొచ్చు. డిసెంబరు 31 ఒక్క రాత్రికి ఒకరికి ఇచ్చేస్తే 30, 1 తేదీలు ముక్కలై మిగిలిపోతాయి. అయితే తేదీ దగ్గరపడ్డాక, వారం ముందు, ఆ షరతు ఎత్తేయాలి. షరతును అంటిపెట్టుకుని ఖాళీ గది ముందు కూర్చోవడం వల్ల ఎవరికీ లాభం లేదు.

తగ్గింపు లెక్క

ఖాళీ కాలంలో ధర ఎంత దాకా దిగొచ్చు? పై ఉదాహరణలో అతిథి వస్తే అయ్యే ఖర్చు 350, కమీషను కలిపితే సుమారు 430. అంతకంటే పైన ఎంత వచ్చినా, ఖాళీగా ఉండడం కంటే నయమే. జులైలో ఒక మంగళవారం 900కు ఇస్తే కమీషను, ఖర్చు పోను 388 చేతికి వస్తుంది. కాగితం మీద ఇది సరైన లెక్క.

ఆచరణలో ఆ 388 వెనుక మరికొన్ని ఖర్చులు దాగి ఉంటాయి. పరుపు, దుప్పటి, గోడ అరిగేది రద్దీ అతిథికీ, 900 అతిథికీ ఒకటే. ఒకసారి 900కు ఉండి వెళ్లినవారు డిసెంబరులో 3,200 వింటే మోసపోయినట్టు భావిస్తారు. పైగా మరీ చవక ధర గోల పార్టీల గుంపును పిలుస్తుంది, పక్క గదిలోని కుటుంబం రాత్రంతా నిద్రపోక పొద్దున్నే ఫోనులో ఒక నక్షత్రం ఇచ్చి వెళుతుంది. అందుకే కాగితం మీద లెక్క 430 దాకా దిగనిచ్చినా, బయట చెప్పే ధర వెయ్యి కంటే దిగనివ్వకపోవడం మేలు.

సీజనులో తగ్గింపు ఇంకా ప్రమాదకరం. 2,000 ధరలో కమీషను 360, ఖర్చు 350 పోను మిగిలేది 1,290. ధర 20 శాతం తగ్గిస్తే మిగులు 962కు పడిపోతుంది. ఇదివరకటి మిగులే రావాలంటే పది రాత్రులు అమ్మిన చోట పదమూడుకు పైగా అమ్మాలి. అంటే అయిదో వంతు తగ్గింపుకు మూడో వంతు అదనపు అతిథులు కావాలి. అంతమంది వస్తారని నమ్మకం ఉంటే తప్ప తగ్గించకూడదు. నాలుగే గదులున్న ఇంటికి శనివారం అంతమంది వచ్చినా పెట్టడానికి చోటుండదు.

బేరం ఆడకుండా గది తీసుకునే తెలుగు కుటుంబాలు తక్కువ. ‘ఏమైనా తగ్గించండి’ అన్న మాటకు యజమాని దగ్గర సిద్ధంగా ఒక జవాబు ఉండాలి. ‘ధర అంతేనండీ, కానీ పొద్దున టిఫిను మా ఇంట్లోనే పెడతాం’ అంటే అతిథికి గెలిచినట్టే ఉంటుంది. నలుగురికి ఇడ్లీ, కాఫీ పెట్టడానికి అయ్యే ఖర్చు 20 శాతం తగ్గింపులో సగం కూడా ఉండదు. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ ఊళ్లో పండిన కాఫీని ఆ ఊళ్లో వరండాలో కూర్చుని తాగడం అతిథి దృష్టిలో పెద్ద విషయం, యజమానికి చిన్న ఖర్చు. రెండు రాత్రులు ఉంటే సాయంత్రం చలిమంటకు కట్టెలు ఉచితం అనడం కూడా అలాంటిదే. బొంగు చికెన్‌కు మాత్రం విడిగా ధర ఉండాలి, అది పెద్ద పని.

ధర చెప్పే తీరు కూడా ధరలో భాగమే. 1,800 అని చూపి, చివర క్లీనింగుకు 300, అదనపు మంచానికి 500, చలిమంటకు 400 అని కలుపుతూ పోతే అతిథి మనసులో మిగిలేది 1,800 కాదు, చికాకు. ఎయిర్‌బీఎన్‌బీ 2025 ఏప్రిల్‌లో రుసుములన్నీ కలిపిన మొత్తాన్నే మొదట చూపే పద్ధతిని ప్రపంచమంతా అమలు చేసింది. చిన్న ఇంటివారు నేర్చుకోదగ్గ పాఠం అది. అదనపు మంచానికి ఎంత, ఎన్నేళ్ల లోపు పిల్లలకు ఉచితం అన్నవి మాత్రం ముందే రాసి ఉంచాలి. ఇద్దరికని బుక్ చేసి అయిదుగురు దిగడం మన దగ్గర మామూలే.

సందేహాలు తీర్చడం

అతిథిని రప్పించే పనిలో ఎక్కువ బరువు ఫోటోల మీద ఉంటుంది. 2009లో ఎయిర్‌బీఎన్‌బీ ఇంకా నిలదొక్కుకోని రోజుల్లో న్యూయార్క్‌లో బుకింగులు పెరగకపోతే, స్థాపకులు స్వయంగా అక్కడికి వెళ్లి మంచి కెమెరాతో ఇళ్ల ఫోటోలు తీశారు. ఆ కొద్ది రోజుల్లోనే అక్కడి ఆదాయం రెట్టింపైందని వారే పలు సందర్భాల్లో చెప్పారు. ఇళ్లు మారలేదు, ధరలు తగ్గలేదు. చూపించిన తీరు మారింది.

అరకు ఇంటివారు చాలామంది లోయ ఫోటో ఒకటి, మంచు ఫోటో ఒకటి, పూల ఫోటో ఒకటి పెడతారు. అవి ఊరి ఫోటోలు. ఆ లోయ పక్క హోటలు నుంచీ కనిపిస్తుంది. అతిథి చూడాలనుకునేది మంచం, కిటికీ, ముఖ్యంగా బాత్‌రూము. బాత్‌రూము ఫోటో లేని చోట అది బాగోలేదనే అర్థం చేసుకుంటారు. పగటి వెలుతురులో, తలుపు దగ్గర నిలబడి, గది మొత్తం పడేలా తీస్తే మామూలు ఫోను చాలు. గదిని ఉన్నదానికంటే పెద్దగా చూపే వంకర లెన్సు వాడితే ఆ రాత్రికి అతిథి దొరుకుతాడు, ఆ తర్వాత రివ్యూలో యజమాని దొరుకుతాడు.

వివరాల పాఠంలో ప్రశాంతం, ఆహ్లాదం వంటి మాటలతో అతిథికి పని లేదు. అతనికి కావలసినవి చిన్న నిజాలు. డిసెంబరు, జనవరి రాత్రుల్లో అరకు ప్రాంతంలో ఉష్ణోగ్రత ఒక్కంకెకు దిగుతుంది. కాబట్టి మనిషికి ఎన్ని రగ్గులు ఇస్తారు, గీజరు ప్రతి గదికీ ఉందా, పొద్దున ఎన్నింటి నుంచి వేడినీళ్లు వస్తాయి అన్నవి రాయాలి. కరెంటు పోతే ఇన్వర్టరు మీద ఏవి నడుస్తాయి, ఏ కంపెనీ సిమ్ కార్డుకు సిగ్నలు అందుతుంది, కారు గుమ్మం దాకా వస్తుందా, మెట్లు ఎన్ని, పాశ్చాత్య పద్ధతి మరుగుదొడ్డి ఉందా, వంటలో మాంసాహారం ఉందా లేక శాకాహారమేనా. విశాఖ నుంచి ట్యాక్సీ మీద వచ్చే కుటుంబానికి మరో బెంగ ఉంటుంది: డ్రైవరు ఎక్కడ పడుకుంటాడు? ఆ ఒక్క ప్రశ్నకు ‘డ్రైవరుకు విడిగా మంచం ఉంది’ అని రాసిన ఇంటికి మొగ్గు ఉంటుంది. డ్రైవరు కూడా ఆ ఇంటిని గుర్తుపెట్టుకుంటాడు, తర్వాతి కుటుంబాన్ని అక్కడికే తీసుకొస్తాడు. పర్యాటక ఊళ్లలో డ్రైవర్లకు కమీషను ఇచ్చి అతిథులను తెప్పించుకోవడం పాత వాడుకే. మంచి పడక, వేడి భోజనం ఆ కమీషను కంటే చవక, ఎక్కువ కాలం పనిచేస్తాయి.

వచ్చే వేళ మీద అరకులో ప్రత్యేక శ్రద్ధ కావాలి. విశాఖ నుంచి పొద్దున బయలుదేరే కిరండూల్ రైలు, 2017 నుంచి అద్దాల విస్టాడోమ్ పెట్టెతో మరింత పేరు తెచ్చుకున్నది, సుమారు పదకొండు గంటల వేళ అరకు స్టేషనులో దించుతుంది. గది ఇచ్చేది మధ్యాహ్నం ఒంటిగంటకు అని నియమం పెట్టుకున్న ఇంటికి ఆ రైలు దిగిన కుటుంబం సామానుతో రెండు గంటల ముందే చేరుతుంది. వారిని గేటు దగ్గర నిలబెడితే బస మొదలు కాకముందే మనసు విరుగుతుంది. సామాను పెట్టుకునే చోటు, ముఖం కడుక్కునేందుకు ఒక బాత్‌రూము, ఒక కప్పు కాఫీ ఏర్పాటు చేసి, ఆ సంగతి ముందే రాసి ఉంచితే రైలు మీద వచ్చేవారంతా ఆ ఇంటి వైపే చూస్తారు. గది ఖాళీ చేసేది పదింటికైనా తిరుగు రైలు మధ్యాహ్నం దాటాకే కాబట్టి వెళ్లేటప్పుడూ అదే సదుపాయం అవసరం. బొర్రా గుహలకు ఏ వేళ వెళితే రద్దీ తక్కువ, చాపరాయి వాగుకు ఎంత సేపు, తెల్లవారకముందే మాడగడకు బయలుదేరాలంటే ఆటో ఎవరిని పిలవాలి అన్నది ఒక కాగితం మీద రాసి గదిలో పెట్టాలి. అతిథి మరో రాత్రి ఉండిపోవడానికి అదే కారణం కావచ్చు.

రద్దు నియమం మెత్తగా, స్పష్టంగా ఉండాలి. ఉత్తరాంధ్రకు అక్టోబరు, నవంబరు తుపానుల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు అరకు దాకా దెబ్బతిన్నది. తుపాను హెచ్చరిక వచ్చినా, రైలు రద్దయినా అడ్వాన్సు మొత్తం వెనక్కి ఇస్తామని రాసిన ఇంటికి బుకింగులు ముందుగా వస్తాయి. ఆ రోజుల్లో గది ఎలాగూ నిండదు కాబట్టి ఆ హామీకి ఖర్చు తక్కువ. కొత్త సంవత్సరం రాత్రికి మాత్రం చివరి వారంలో రద్దు చేస్తే అడ్వాన్సు తిరిగి రాదని చెప్పడంలో మొహమాటం అక్కర్లేదు.

ఎక్కడ అమ్మాలి

మొదటి ఏడాది యాప్‌లు తప్పవు. మేక్‌మైట్రిప్, గోఐబిబో, బుకింగ్ డాట్ కామ్, ఎయిర్‌బీఎన్‌బీలలో కమీషను పద్ధతులు వేర్వేరు, కాబట్టి ఒప్పందం చదివి చేతికి వచ్చే మొత్తాన్ని లెక్కగట్టాలి. రెండు చోట్ల పెట్టిన ఇల్లు ఒకే గదిని ఇద్దరికి అమ్మే ప్రమాదం ఉంది. ఆ ఒక్క పొరపాటు పది మంచి రివ్యూలను తుడిచేస్తుంది. గది నిండిన నిమిషంలోనే రెండో చోట తేదీ మూసేయగలిగినవారే రెండింటిలో ఉండాలి.

అతిథి ఒకసారి వచ్చి వెళ్లాక రెండోసారి నేరుగా రావాలి. అంకెలు చూస్తే కారణం తెలుస్తుంది. రోజుకు 7,500 దాకా ధర ఉన్న గదులకు 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 5 శాతం. ఏడాది రాబడి 20 లక్షలు దాటని చిన్న ఇంటికి సొంతంగా రిజిస్ట్రేషను అక్కర్లేదు, కానీ యాప్ ద్వారా అమ్మితే ఆ పన్ను యాప్ కట్టాలి, అది అతిథి బిల్లులో చేరుతుంది. 2,000 గదికి అక్కడ అతిథి 2,100 ఇస్తే యజమానికి 1,640 చేరుతుంది. అదే అతిథి మళ్లీ వచ్చినప్పుడు నేరుగా 1,850కి ఇస్తే అతనికి 250, యజమానికి 210 మిగులు. యాప్‌లో చెప్పిన ధర కంటే బయట తక్కువకు ఇవ్వకూడదని హోటళ్ల మీద పెట్టిన షరతులను కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 2022 అక్టోబరులో తప్పుబట్టి, మేక్‌మైట్రిప్–గోఐబిబోకు 223.48 కోట్ల జరిమానా వేసింది. ఆ షరతులు సవరించమని ఆదేశించింది. ఒప్పందంలో ఈ విషయం మీద ఏం రాసి ఉందో చూసుకున్నాకే నేరుగా ఇచ్చే ధర ప్రకటించాలి.

గూగుల్ మ్యాప్స్‌లో ఇంటి గుర్తు సరైన గేటు ముందు పడడం ఏ ప్రకటన కంటేనైనా విలువైనది. ఉచితంగా రెండు రోజులు ఉంచితే వీడియో తీస్తామని వచ్చేవారి విషయంలో నిదానం అవసరం. నాలుగు గదుల ఇంటికి లక్షమంది చూడడం కంటే సరైన నలభై కుటుంబాలు చూడడం ముఖ్యం. కేంద్ర పర్యాటక శాఖ బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్, హోమ్‌స్టే పథకంలో ఒకటి నుంచి ఆరు గదుల దాకా, యజమాని కుటుంబం అదే ఇంట్లో ఉంటే, సిల్వర్ లేదా గోల్డ్ శ్రేణిలో గుర్తింపు దొరుకుతుంది. కొత్త ఇంటికి అది నమ్మకపు ముద్ర. విదేశీ అతిథి దిగితే 24 గంటల్లో ఆ వివరాలు ఆన్‌లైన్‌లో సమర్పించాలన్నది మరిచిపోకూడదు.

రివ్యూలు, ఆ తర్వాత

రివ్యూలు లేని ఇంటికి మొదట్లో ధర తక్కువ ఉండడం సబబే, కానీ ఆ తగ్గింపుకు గడువు ఉండాలి. మొదటి పదిహేను బసలకు ఇంత అని బాహాటంగా చెప్పి, ఆ తర్వాత అసలు ధరకు వెళ్లాలి. రివ్యూ అడగవలసిన వేళ అతిథి కారెక్కే ముందు కాదు, ఇల్లు చేరాక మర్నాడు సాయంత్రం ఒక్క వాట్సాప్ సందేశం. చెడ్డ రివ్యూకు వాదనతో జవాబు రాస్తే చదివేది ఆ అతిథి కాదు, రాబోయే వందమంది. ‘గీజరు పనిచేయని మాట నిజం, మర్నాడే మార్పించాం’ అన్న రెండు వాక్యాల జవాబు వారిని నిలబెడుతుంది.

ధర పెంచవలసిన సమయాన్ని క్యాలెండరే చెబుతుంది. డిసెంబరు శనివారాలన్నీ నవంబరు మొదటి వారానికే నిండిపోతే అది సంబరపడవలసిన విషయం కాదు, ధర తక్కువ పెట్టారని అర్థం. వచ్చే ఏడాది అవే తేదీలకు పదో పదిహేనో శాతం పెంచి చూడాలి. మూడు రోజుల ముందు దాకా సగం గదులు మిగులుతుంటే మొదట ఫోటోలు, వివరాలు, రివ్యూలకు రాసిన జవాబులు తిరిగి చదవాలి, ధర జోలికి ఆ తర్వాతే వెళ్లాలి.

ఇవన్నీ తెలియాలంటే ఫోను పక్కన ఒక పుస్తకం ఉండాలి. ఎవరు ఏ తేదీకి అడిగారు, ఎంత చెప్పారు, తీసుకోకపోతే చివరిగా ఏ ప్రశ్న అడిగి పెట్టేశారు అన్నది ప్రతి ఫోనుకూ ఒక గీత రాయాలి. వచ్చినవారి లెక్క యాప్ రాస్తుంది. రానివారి లెక్క యజమాని రాసుకోవలసిందే, వచ్చే సీజను ధరలు వేసేటప్పుడు ముందు తెరవవలసింది కూడా ఆ పుస్తకమే.